నీటి అణువు వంపును పిల్లలకు చెప్పండి

తెలుగు రాష్ట్రాల రసాయన శాస్త్ర పాఠ్యపుస్తకాల రచయితలకు, సంపాదకులకు



మీరు రాసే ప్రతి వాక్యాన్ని లక్షలమంది పిల్లలు చదువుతారు. చదవడంతో ఆగరు, అక్షరం పొల్లుపోకుండా పరీక్షలో తిరిగి రాస్తారు. కోచింగ్ సెంటర్ల మెటీరియల్‌లోకి, గైడ్లలోకి, అక్క దగ్గర్నుంచి చెల్లికి చేరే నోట్సులోకి ఆ వాక్యమే దిగుతుంది. అందుకే ఒకే ఒక్క వాక్యం గురించి ఇంత పొడవైన ఉత్తరం రాస్తున్నాను.

ఆ వాక్యం ఇది: ఆక్సిజన్ రుణవిద్యుదాత్మకత హైడ్రోజన్ కన్నా ఎక్కువ కాబట్టి నీరు ధ్రువ అణువు.

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ జవాబు సగమే ఉంది. ఆ సగాన్నే పూర్తి జవాబుగా ఒప్పుకుని మార్కులు వేస్తున్నాం. పాలింగ్ కొలమానం మీద ఆక్సిజన్ విలువ 3.44, హైడ్రోజన్ విలువ 2.20. నిజంగానే పెద్ద తేడా. ఇప్పుడు ఇదే వాక్యాన్ని కార్బన్ డయాక్సైడ్‌కు అన్వయించి చూడండి. కార్బన్ విలువ 2.55. అక్కడా ఆక్సిజనే ఎలక్ట్రాన్లను తనవైపు లాగుతుంది. ఒకవైపు ఒక ఆక్సిజన్, రెండోవైపు ఇంకో ఆక్సిజన్. మన వాక్యం ప్రకారం అది కూడా ధ్రువ అణువే కావాలి. కానీ దాని ద్విధ్రువ భ్రామకం సున్నా. చిన్నది కాదు, సున్నా.

ఇంటర్ మొదటి సంవత్సరం తరగతిలో ఒక అమ్మాయి లేచి, “సార్, కార్బన్ డయాక్సైడ్‌లోనూ లాగేది ఆక్సిజనే కదా, మరి అదెందుకు కాదు?” అని అడిగింది. ఆ ఏడాది నా తరగతిలో అంతకన్నా మంచి ప్రశ్న ఇంకెవరూ వేయలేదు. ఆ అమ్మాయి చేతిలో ఉన్న పుస్తకంలో దానికి జవాబు లేదు. ఉన్న ఒక్క వాక్యమూ ఆ ప్రశ్న ముందు నిలవలేదు. ఇలాంటి ప్రశ్న పుట్టినప్పుడు పిల్ల కూర్చోకూడదు, పుస్తకం తెరవాలి. తెరిస్తే అందులో దారి కనబడాలి.

జవాబులోని రెండో సగం ఆకారం. నీటి అణువు వంగి ఉంటుంది. ఆక్సిజన్ మధ్యలో, రెండు హైడ్రోజన్లు ఒకేవైపుకు ఒరిగి, నడుమ 104.5 డిగ్రీల కోణం. కార్బన్ డయాక్సైడ్ నిటారుగా ఉంటుంది, 180 డిగ్రీలు. భూమిలో పాతిన గుంజకు రెండు పలుపుతాళ్లు కట్టి ఎదురెదురుగా సమానంగా లాగితే గుంజ కదలదు. ఆ రెండు తాళ్లనూ ఒక పక్కకు తెచ్చి లాగితే, ఆ రెంటి మధ్య దిశలో ఒరుగుతుంది. లాగే బలం రెండుసార్లూ ఒకటే, దిశలే మారాయి.

మీ పుస్తకం చదివే పిల్లలకు త్రికోణమితి వచ్చు. దాన్ని ఇక్కడ వాడుకోనివ్వండి. నీటిలో ఒక్కో ఆక్సిజన్–హైడ్రోజన్ బంధానికి ద్విధ్రువ భ్రామకం దాదాపు 1.51 డిబై అనుకుందాం. బంధాల నడుమ కోణంలో సగం 52.25 డిగ్రీలు. దాని కొసైన్ 0.612. రెండు బంధాలు కాబట్టి రెండుతో, 1.51తో, 0.612తో గుణిస్తే 1.85 వస్తుంది. నీటి ఆవిరిలో ఒంటరిగా ఉన్న అణువుకు ప్రయోగాల్లో కొలిచిన విలువ ఇదే, 1.85 డిబై. ఇప్పుడు అణువును నిటారుగా చాచండి. సగం కోణం 90 డిగ్రీలవుతుంది, దాని కొసైన్ సున్నా, భ్రామకమూ సున్నా. బంధాలను మనం ముట్టుకోలేదు, ఆక్సిజన్ ఆకర్షణనూ తగ్గించలేదు, వంపు మాత్రం తీసేశాం. ధ్రువత్వం మొత్తం పోయింది. ఈ లెక్కకు పుస్తకంలో ఆరు వరుసలు చాలు. ఆ ఆరు వరుసలూ మొదట చెప్పిన రుణవిద్యుదాత్మకత వాక్యం చెప్పని సంగతిని చెబుతాయి.

ఇక్కడొక నిజాయితీ అవసరం. ఆ 1.51 విలువను విడిగా కొలవలేదు, మొత్తం అణువు విలువ నుంచి వెనక్కి లెక్కగట్టినదే. ఆక్సిజన్ మీదున్న ఒంటరి ఎలక్ట్రాన్ జంటల వాటా కూడా అందులోనే కలిసి ఉంది. పిల్లలకు ఆ మాట కూడా చెప్పాలి. చెబితే పాఠం బలహీనపడదు. దేన్ని కొలిచాం, దేన్ని లెక్కకట్టాం అనే తేడా పదో తరగతిలోనే పట్టుబడితే, పైచదువుల్లో ఆ బుద్ధి ప్రతి శాస్త్రంలోనూ పనికొస్తుంది.

అసలు ఆక్సిజన్ ఎందుకు లాగుతుంది? దీన్ని కూడా “రుణవిద్యుదాత్మకత ఎక్కువ” అని పేరు చెప్పి వదిలేస్తున్నాం. పేరు కారణం కాదు. ఆక్సిజన్ కేంద్రకంలో ఎనిమిది ప్రోటాన్లున్నాయి. లోపలి కక్ష్యలోని రెండు ఎలక్ట్రాన్లు వాటి ఆకర్షణను కొంతవరకే అడ్డుకుంటాయి. బయటి కక్ష్య కేంద్రకానికి దగ్గరగానే ఉంటుంది. కాబట్టి పంచుకున్న ఎలక్ట్రాన్ల మీద ఆక్సిజన్ పట్టు గట్టిది. హైడ్రోజన్ పరిస్థితి వేరు. దానికి ఉన్నది ఒకే ప్రోటాన్, ఒకే ఎలక్ట్రాన్. ఆ ఎలక్ట్రాన్ బంధంలోకి పోయి ఆక్సిజన్ వైపు జరిగితే, వెనక ప్రోటాన్‌ను కప్పడానికి లోపలి ఎలక్ట్రాన్ ఒక్కటి కూడా మిగలదు. అవతలి వైపు నుంచి చూస్తే ధనావేశం దాదాపు తెరుచుకుని కనిపిస్తుంది. బంధంలో ఉన్న మరే మూలకమూ ఇలా కనిపించదు, ఎందుకంటే మిగతా అన్నిటికీ లోపలి కక్ష్య ఒకటి ఉంటుంది. నీటి గురించి చెప్పే వింతలన్నీ ఈ తెరుచుకున్న ప్రోటాన్ దగ్గరే మొదలవుతాయి. ఈ మాటకు పుస్తకంలో ఒక పేరా దక్కాలి.

అలాగని ఎలక్ట్రాన్ పూర్తిగా ఆక్సిజన్ ఇంటికి వెళ్లిపోలేదు. బంధం పొడవు 0.958 ఆంగ్‌స్ట్రామ్. ఎలక్ట్రాన్ పూర్తిగా వెళ్లిపోయి ఉంటే ఒక్కో బంధానికి 4.6 డిబై రావాలి. వచ్చింది 1.51. అంటే సుమారు మూడో వంతు. పుస్తకాల బొమ్మల్లో డెల్టా ప్లస్, డెల్టా మైనస్ అని రాసి వదిలేస్తారు. ఆ డెల్టా ఎంతో, అది సోడియం అయాన్ మీది పూర్తి ఆవేశంలాంటిది ఎందుకు కాదో, ఈ చిన్న భాగహారంతో పిల్లలే తేల్చుకోగలరు.

నీటి అణువు వంగి ఉందని మనుషులకు ఎలా తెలిసింది? దీన్ని కథగా చెప్పమని వేడుకుంటున్నాను, ఎందుకంటే మన పుస్తకాల్లో ఈ క్రమం తలకిందులుగా ఉంది. ముందు ఆకారం చెప్పి, దాన్నుంచి ధ్రువత్వం తేలుస్తాం. చరిత్రలో చాలావరకు ధ్రువత్వమే ఆకారాన్ని చెప్పింది. నెదర్లాండ్స్‌లో పుట్టిన పీటర్ డిబై 1912లో ఒక ఆలోచన చేశాడు. ఒక వాయువును విద్యుత్ క్షేత్రంలో ఉంచితే దాని అణువుల్లోని ఎలక్ట్రాన్ మేఘాలు కాస్త సాగుతాయి. ఇది ప్రతి అణువులోనూ జరుగుతుంది, వేడితో పెద్దగా మారదు. అణువు పుట్టుకతోనే ధ్రువమైనదైతే మరొకటి కూడా జరుగుతుంది: అది క్షేత్రం దిశకు తిరగబోతుంది. వేడి పెరిగితే అణువుల కుదుపు పెరిగి ఆ తిరగడం చెదిరిపోతుంది. కాబట్టి వాయువును వేడి చేస్తూ డైఎలక్ట్రిక్ స్థిరాంకం కొలవాలి. వేడితో పాటు అది స్పష్టంగా పడిపోతే ఆ అణువుకు శాశ్వత ద్విధ్రువం ఉన్నట్టు, ఎంత పడిపోయిందన్న దాన్నిబట్టి భ్రామకం విలువ కూడా తేలుతుంది.

తరవాతి రెండు దశాబ్దాల్లో ఎన్నో వాయువులను ఇలా కొలిచారు. కార్బన్ డయాక్సైడ్‌కు సున్నా వచ్చింది. అంటే అది నిటారుగా, రెండువైపులా ఒకేలా ఉండాలి. నీటి ఆవిరికి పెద్ద విలువ వచ్చింది. అంటే ఆక్సిజన్ మధ్యలో ఉన్న ఆ అణువు నిటారుగా ఉండడానికి వీల్లేదు. కంటికి కనపడని అణువు ఆకారాన్ని ఒక పాత్ర, రెండు లోహపు పలకలు, ఒక ఉష్ణమాపకం దగ్గర కూర్చుని తేల్చారు. 1936లో డిబైకి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అణువుల నిర్మాణాన్ని ద్విధ్రువ భ్రామకాల ద్వారా, ఎక్స్ కిరణాల, ఎలక్ట్రాన్ల వివర్తనం ద్వారా తెలిపినందుకు ఆ గౌరవం. మనం వాడే డిబై అనే కొలత ఆయన పేరే. మన పిల్లలకు ఆ పేరు ఒక ప్రమాణంగా మాత్రమే తెలుసు, ఆయన వాదన తెలియదు. ఈ కథ తెలిసిన పిల్లవాడు కొలతను తర్కంగా చూస్తాడు.

ఇక వంపు ఎందుకన్నది. ఆక్సిజన్ బయటి కక్ష్యలో ఆరు ఎలక్ట్రాన్లు. హైడ్రోజన్ల నుంచి రెండు కలిసి ఎనిమిది, అంటే నాలుగు జంటలు. రెండు బంధ జంటలు, రెండు ఒంటరి జంటలు. నాలుగూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వీలైనంత దూరంగా జరిగితే చతుర్ముఖి ఆకారం వస్తుంది, కోణం 109.5 డిగ్రీలు. ఒంటరి జంటలు ఎక్కువ చోటు తీసుకుంటాయి కాబట్టి బంధాలు కాస్త దగ్గరకు నెట్టబడి 104.5 అవుతుంది. 1940లో సిడ్జ్‌విక్, పావెల్ మొదలుపెట్టిన ఈ ఆలోచనకు 1957లో గిలెస్పీ, నైహోమ్ పూర్తి రూపమిచ్చారు. మన పుస్తకాలు దీన్ని బాగానే చెబుతున్నాయి, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. ఒక్క విన్నపం. ఇది ఒక నమూనా అని చెప్పండి. ఇదే లెక్క హైడ్రోజన్ సల్ఫైడ్‌కు వేస్తే కోణం 104 దరిదాపుల్లో రావాలి, కాని అక్కడ కొలిస్తే 92 డిగ్రీలు. నమూనా ఎక్కడిదాకా నడుస్తుందో తెలియని పిల్లవాడు దాన్ని ఫొటో అనుకుంటాడు. నీటి అణువు బొమ్మలో ఆక్సిజన్ మీద కుందేలు చెవుల్లా గీసే ఆ రెండు ఒంటరి జంటలను చాలామంది పెద్ద తరగతుల విద్యార్థులు కూడా నిజంగా అక్కడ పొడుచుకొచ్చి ఉంటాయనే నమ్ముతున్నారు.

ఒంటరి జంటల పాత్ర గట్టిగా నాటుకోవాలంటే ఆక్సిజన్ డైఫ్లోరైడ్‌ను నీటి పక్కన పెట్టాలి. అది కూడా వంగిన అణువే, కోణం 103 డిగ్రీలు, దాదాపు నీటి కోణమే. ఫ్లోరిన్ విలువ 3.98, ఆక్సిజన్‌ను మించినది. వంపు ఉంది, బంధాలు ధ్రువమైనవి. అయినా భ్రామకం 0.30 డిబై మాత్రమే. ఫ్లోరిన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాగుతుంది, ఆక్సిజన్ ఒంటరి జంటలు ఎదుటివైపు రుణావేశాన్ని ఉంచుతాయి, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నీటిలో ఈ రెండూ ఒకే దిశలో కలుస్తాయి. బంధాలు ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ వైపు పంపుతాయి, ఒంటరి జంటలూ ఆ వైపే ఉన్నాయి. నీరు ఇంత ధ్రువమైనది కావడానికి ఈ కలయికే కారణం. ఇంటర్ పుస్తకంలో అమోనియాను, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌ను ఇలా పోలుస్తాం. నీటి దగ్గర ఆ పోలికను ఎందుకు వదిలేశాం?

ఇప్పుడు దువ్వెన ప్రయోగం గురించి. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న సంగతి. ప్లాస్టిక్ దువ్వెనను పొడి జుట్టుకు రాసి, కొళాయి నుంచి సన్నగా పడే ధార దగ్గర పెడితే ధార వంగుతుంది. అందమైన ప్రయోగం, ఖర్చు లేనిది, ఏ పల్లె బడిలోనైనా చేయొచ్చు. అయితే వివరణ దగ్గర, “నీటి అణువులు ధ్రువమైనవి కాబట్టి తిరిగి దువ్వెన వైపు ఆకర్షితమవుతాయి” అని ముగిస్తున్నాం. పుస్తకాల్లో, టీచర్ల శిక్షణలో, వీడియోల్లో ఈ మాటే తిరుగుతోంది. ఇది నిలవదు. ఏకరీతి విద్యుత్ క్షేత్రంలో ద్విధ్రువం మీద మొత్తం బలం సున్నా, ఎందుకంటే దాని ధన కొసను ఎంత లాగితే రుణ కొసను అంతే నెడుతుంది. అణువు తిరుగుతుందే తప్ప కదిలిపోదు. దువ్వెన దగ్గర క్షేత్రం ఏకరీతిగా ఉండదు కాబట్టి కొంత లాగుడు మిగులుతుంది గాని, ధార అంతగా వంగడానికి అది సరిపోదు.

జరిగేది వేరు. కొళాయి నీళ్లలో అయాన్లుంటాయి, అది విద్యుత్తును కొంత ప్రసరింపజేస్తుంది. దువ్వెన మీది ఆవేశం తనకు వ్యతిరేకమైన ఆవేశాన్ని కొళాయి నుంచి ధారలోకి రప్పిస్తుంది, తనలాంటి దాన్ని వెనక్కి నెడుతుంది. ధార కింద బొట్లుగా విడిపోయేటప్పుడు ఆ ఆవేశాన్ని మూటగట్టుకుని పడుతుంది. ఆవేశం ఉన్న నీటిని దువ్వెన లాగుతోంది. 1867లో లార్డ్ కెల్విన్ చేసిన నీటిబొట్ల యంత్రం పూర్తిగా ఈ సూత్రం మీదే నడిచింది. రెండు నీటి ధారలు, రెండు లోహపు వలయాలు, కింద రెండు డబ్బాలు. ఒకవైపు వలయాన్ని రెండోవైపు డబ్బాతో కలిపితే, పడుతున్న నీటిబొట్ల నుంచే కొన్ని వేల వోల్టులు పోగై నిప్పురవ్వ దూకుతుంది. అందులో బ్యాటరీ లేదు.

కాబట్టి దువ్వెన ప్రయోగాన్ని తీసేయమని అడగడం లేదు. స్థిర విద్యుత్ పాఠంలోకి మార్చండి, దాని పక్కన కెల్విన్ యంత్రం బొమ్మ వేయండి. రసాయన బంధం పాఠంలో మాత్రం దాన్ని ధ్రువత్వానికి సాక్ష్యంగా నిలబెట్టకండి. కళ్లముందు జరిగిన దానికి తప్పు కారణం చెబితే పిల్లలు దాన్ని జీవితాంతం మరిచిపోరు. ఇలాంటిదే మైక్రోవేవ్ ఓవెన్ కథ. నీటి అణువు సహజ పౌనఃపున్యంతో ఓవెన్ తరంగం కలిసిపోవడం వల్ల వేడి పుడుతుందని రాస్తుంటారు. ఓవెన్ తరంగం సెకనుకు 245 కోట్ల సార్లు కంపిస్తుంది. ద్రవంలోని నీరు అంతకన్నా చాలా ఎక్కువ పౌనఃపున్యం దగ్గర శక్తిని అత్యధికంగా పీల్చుకుంటుంది. ఓవెన్‌లో ధ్రువ అణువులు మారుతున్న క్షేత్రాన్ని అనుసరించబోయి, పక్క అణువుల పట్టుకు వెనకబడతాయి, ఆ వెనకబాటులో శక్తి వేడిగా మారుతుంది.

మరి ధ్రువత్వానికి నిజమైన సాక్ష్యం ఎక్కడ చూపాలి? వంటింటి ఉప్పుతో మొదలుపెట్టవచ్చు. 58.5 గ్రాముల ఉప్పు స్ఫటికాన్ని విడి అయాన్లుగా చీల్చడానికి 787 కిలోజౌళ్లు కావాలి. నీటి అణువులు సోడియం చుట్టూ ఆక్సిజన్ కొసలతో, క్లోరైడ్ చుట్టూ హైడ్రోజన్ కొసలతో మూగినప్పుడు దాదాపు అంతే శక్తి తిరిగి వస్తుంది. తక్కువ పడేది సుమారు 4 కిలోజౌళ్లు. ఆ లోటును నీటి వేడే భరిస్తుంది, ఉప్పు కలిపిన నీరు రవ్వంత చల్లబడుతుంది. ఇంత గట్టి స్ఫటికం గరిటె తిప్పితే కనబడకుండా పోవడం వెనక ఈ లెక్క ఉంది. 25 డిగ్రీల దగ్గర నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం 78. అంటే నీటిలో దూరంగా ఉన్న రెండు అయాన్ల మధ్య ఆకర్షణ శూన్యంలో ఉన్నదానిలో 78వ వంతుకు పడిపోతుంది. హెక్సేన్‌లో రెండో వంతుకు కూడా సరిగ్గా పడిపోదు.

మన నేలలో నీటికున్న ఈ కరిగించే శక్తికి ఒక చేదు సాక్ష్యం ఉంది. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించి రాశారు. ఆ ప్రాంతంలో చాలా భాగం తరవాత ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. నల్గొండ పేరు దేశమంతటా తెలిసింది కూడా ఈ జబ్బు వల్లే. పళ్లు గారపట్టి, ఎముకలు వంగి, నలభై ఏళ్లకే కర్ర పట్టుకున్న మనుషులు అక్కడి తరాలకు తెలుసు. గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంది. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచే భూగర్భ జలం ఆ ఫ్లోరైడ్‌ను కొద్దికొద్దిగా విడదీసుకుంటుంది. చిన్నదైన ఫ్లోరైడ్ అయాన్‌ను నీటి అణువుల హైడ్రోజన్ కొసలు క్లోరైడ్ కన్నా గట్టిగా చుట్టుకుంటాయి. రంగు ఉండదు, రుచి ఉండదు, వాసన ఉండదు. గుడ్డలో వడగడితే పోదు. కాచితే పోదు సరికదా, నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండడం మంచిదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం.

ఇక్కడే “ధ్రువమైనది ధ్రువమైనదాన్ని కరిగిస్తుంది” అనే సూత్రానికి హద్దు కూడా చూపవచ్చు. కాల్షియం ఫ్లోరైడ్ అయానిక పదార్థమే అయినా నీటిలో చాలా కొద్దిగానే కరుగుతుంది, ఎందుకంటే దాని స్ఫటికం పట్టు నీటి ఆకర్షణకు లొంగనంత గట్టిది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ పెరగదు. కాని మన మెట్ట ప్రాంతాల భూగర్భ జలంలో కాల్షియం సున్నపు గడ్డలుగా నేలలోనే పేరుకుపోయి, నీటిలో సోడియం, బైకార్బొనేట్ మిగులుతాయి. అడ్డుపడే కాల్షియం లేకపోవడంతో ఫ్లోరైడ్ పెరుగుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో నీటికి పటిక, సున్నం కలుపుతారు. అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టులా ఏర్పడి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. నీటి పట్టు నుంచి ఫ్లోరైడ్‌ను విడిపించగల ఇంకో గట్టి పట్టు అక్కడ ఉంది కాబట్టే అది పనిచేస్తుంది. ఒక జిల్లా పేరుతో ప్రపంచానికి తెలిసిన ఈ పద్ధతిని ఆ జిల్లా పిల్లలు ఎక్కడో పర్యావరణం పాఠంలో రెండు వరుసల్లో కాకుండా, నీటి ధ్రువత్వం పాఠంలోనే కారణంతో సహా చదవాలి. ఈ ఉత్తరంలో నేను గట్టిగా పట్టుబట్టేది దీని గురించే.

హైడ్రోజన్ బంధాల గురించి ఎక్కువ రాయను, మీ పుస్తకాల్లో అది ఉంది. ఒక్క సవరణ చాలు. నీరు 100 డిగ్రీల దగ్గర మరగడానికి కారణం ధ్రువత్వమని రాస్తున్నాం. ఎసిటోన్ భ్రామకం 2.88 డిబై, నీటికన్నా ఎంతో ఎక్కువ, అణువు కూడా మూడింతలు బరువైనది. అది 56 డిగ్రీలకే మరుగుతుంది. ధ్రువత్వం ఒక్కటే సరిపోయే మాటైతే ఇలా జరగదు. నీటిలో ఆ తెరుచుకున్న ప్రోటాన్ పక్క అణువు ఒంటరి జంట మీద వాలుతుంది. ఒక అణువు రెండు ఇచ్చి, రెండు తీసుకుని, నాలుగు వైపులా అల్లుకోగలదు. 1933లో బెర్నల్, ఫౌలర్ ద్రవ నీటికి ఇచ్చిన చిత్రం ఇదే. ఆ అల్లికలో ఒక్కో అణువు ధ్రువత్వం కూడా పెరుగుతుంది. ఆవిరిలో 1.85 ఉన్నది ద్రవంలో 2.6 నుంచి 3 డిబైల దాకా పోతుందని అంచనా.

ఈ అల్లిక నిలకడైనది కాదు. ద్రవంలో ఒక హైడ్రోజన్ బంధం ఉండే కాలం సెకనులో లక్ష కోట్లవ వంతు లెక్కలో ఉంటుంది. తెగుతుంది, ఇంకొకరితో కలుస్తుంది. పుస్తకాల బొమ్మల్లో చుక్కల గీతలతో బిగుసుకుపోయినట్టు కనిపించే నీరు మంచుగడ్డ, ద్రవం కాదు. ఆ బొమ్మ కింద ఈ మాట రాయకపోవడం వల్ల వచ్చిన నష్టం బయట కనబడుతోంది. నీటి అణువులను ఆరు కోణాల గుంపులుగా అమర్చి ఇస్తామని, ఆ నీరు రోగాలు తగ్గిస్తుందని చెప్పి వేల రూపాయలకు యంత్రాలు అమ్ముతున్నారు. కొనేవాళ్లలో సైన్సు చదువుకున్నవాళ్లూ ఉన్నారు. గ్లాసులోకి వంచేలోపు ఆ అమరిక కోట్లసార్లు చెదిరిపోతుందని వాళ్లకు పదో తరగతిలోనే తెలిసి ఉంటే, ఆ డబ్బు ఇంట్లోనే ఉండేది. ఒక ఇంటి పెద్దాయన మందులు మానేసి ఆ నీళ్లు తాగడం నేను చూశాను. అందుకే ఆ బొమ్మ కింద ఒక్క వాక్యం కోసం ఇంతగా అడుగుతున్నాను.

పుస్తకం పెరగనక్కర్లేదు, పాఠం వరుస మారితే చాలు. కార్బన్ డయాక్సైడ్‌ను, నీటిని పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ లాగేది ఆక్సిజనే అయితే ఒకటి ధ్రువం, ఇంకొకటి కాదు, ఎందుకని మొదటే అడగండి. డిబై కొలతలు ఇవ్వండి. ఆకారం పిల్లలనే తేల్చనివ్వండి. ఆ తరవాత వంపుకు కారణం చెప్పండి. ప్రశ్నపత్రం రాసేవాళ్లకు మీ మాట చేరుతుంది కాబట్టి, రెండు మార్కుల పాత ప్రశ్న స్థానంలో నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి సూచిస్తున్నాను.

కార్బన్ డైసల్ఫైడ్ ద్విధ్రువ భ్రామకం 0, సల్ఫర్ డయాక్సైడ్‌ది 1.63, నీటిది 1.85, నైట్రస్ ఆక్సైడ్‌ది 0.16 డిబై. వీటిలో మొదటిదీ చివరిదీ నిటారుగా ఉంటాయి. మధ్య రెండింటి ఆకారం ఏమై ఉండాలి? నైట్రస్ ఆక్సైడ్ నిటారుగా ఉండి కూడా సున్నా కాకపోవడాన్నిబట్టి, అందులో రెండు నైట్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఏ వరుసలో ఉండి ఉంటాయో కారణంతో రాయండి.

ఇట్లు,
రసాయన శాస్త్రం బోధించే ఒక అధ్యాపకుడు